డేటాబేస్ పరిమాణం తగ్గితే రికార్డులు పోయినట్లా? నిత్య నిర్వహణ పనులపై అవగాహన

మెదక్: ప్రభుత్వ రికార్డులు కాగితపు కట్టల నుండి కంప్యూటర్లలోకి మారడం ప్రారంభమై పాతికేళ్లు దాటింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ల శాఖ 'కార్డ్' పథకాన్ని 1998 నవంబరు 4న రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలలో ప్రారంభించిన విషయం విదితమే. 2011లో మీ సేవ, 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూ భారతి పోర్టళ్లు వచ్చాయి. రైతు తన ప్రాణంతో సమానంగా చూసుకునే భూమి రికార్డు ఈ విధంగా క్రమక్రమంగా డేటాబేస్‌లలోకి చేరింది. రికార్డు గదిలో ఒక కట్ట కనిపించకపోతే ఆ సంగతి అటెండరు మొదలుకొని అధికారి వరకు అందరికీ తెలిసిపోతుంది. డేటాబేస్ విషయంలో బయటికి కనిపించేది మాత్రం ఒకే అంకె, అది డిస్కులో ఎంత స్థలం ఆక్రమించిందన్న అంకె. ఆ అంకెను చూసి పొరపాటు నిర్ణయానికి రావడం చాలా తేలిక.

ఇందుకు రెండు సందర్భాలను చెప్పుకోవచ్చు. కాలం చెల్లిన వివరాలను లక్షల సంఖ్యలో తొలగించిన తరువాత కూడా డిస్కు నిండినట్లే చూపుతుంది. తొలగింపు జరగలేదని అధికారులు భావించి, అదనపు నిల్వ పరికరాల కొనుగోలుకు ప్రతిపాదనలు పంపుతారు. రెండవది దీనికి తారుమారు. రాత్రి నిర్వహణ పనులు జరిగి తెల్లవారేసరికి డేటాబేస్ పరిమాణం సగానికి తగ్గి ఉంటుంది. ఆ సమాచారం బయటికి పొక్కితే రికార్డులు మాయమయ్యాయన్న అనుమానం పుడుతుంది. భూమి వివాదాలు ఉన్న చోట ఇటువంటి అనుమానం ఎంత దూరం పోగలదో చెప్పనక్కర లేదు. ఈ రెండు సందర్భాలలోనూ డేటాబేస్ తన నిర్మాణం ప్రకారం సక్రమంగానే పనిచేసి ఉండవచ్చు. పరిమాణం అన్నది రికార్డుల సంఖ్యకు కొలమానం కాదన్న ఒక్క సంగతి తెలిస్తే, సరైన ప్రశ్న ఏదో, ఎవరిని అడగాలో స్పష్టమవుతుంది.

ఎర్ర సిరా గీత

మెదక్ పట్టణం పేరు జిల్లాకు ఉన్నప్పటికీ జిల్లా కేంద్రం దశాబ్దాల పాటు సంగారెడ్డిలోనే ఉండేది. 2016 అక్టోబరు 11న రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరింపబడినప్పుడు, పూర్వపు మెదక్ జిల్లా నుండి మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట జిల్లాలు ఏర్పడ్డాయి. మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైంది. ఆ మరుసటి సంవత్సరం, 2017 సెప్టెంబరు 15 నుండి డిసెంబరు 31 వరకు రాష్ట్రవ్యాప్తంగా భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. 2018 మే 10 నుండి కొత్త పట్టాదారు పాసు పుస్తకాల పంపిణీ చేపట్టారు. ప్రజల దృష్టిలో ఇవి వేర్వేరు కార్యక్రమాలు. డేటాబేస్ దృష్టితో చూస్తే ఇవన్నీ ఒకే కోవకు చెందిన పనులు: లక్షలాది వరుసలలో ఏదో ఒక గడి ఒక్కసారిగా మారవలసిన సందర్భాలు.

అటువంటి మార్పు జరిగినప్పుడు నిల్వ స్థలానికి ఏమవుతుందో అర్థం కావాలంటే తహసీల్ కార్యాలయపు పాత రిజిస్టరును గుర్తు చేసుకుంటే చాలు. పహాణీలో పట్టాదారు పేరు మారితే పాత పేరును రబ్బరుతో చెరిపివేయరు. దానిపై ఎర్ర సిరాతో గీత కొట్టి, కొత్త పేరు రాసి, ఉత్తర్వు సంఖ్య వేసి సంతకం చేస్తారు. గీత కొట్టిన పేరు చెల్లదు గాని, పుటలో దాని చోటు దానిదే. మార్పులు ఎక్కువైన కొద్దీ రిజిస్టరు లావవుతుంది. పట్టాదారుల సంఖ్య మాత్రం పెరగదు.

ప్రపంచవ్యాప్తంగా విరివిగా వాడుకలో ఉన్న పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్ సరిగ్గా ఈ పద్ధతినే అనుసరిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ విధానాన్ని ప్రకటించిన దరిమిలా ఇటువంటి సాఫ్ట్‌వేర్‌కు ప్రభుత్వ కార్యాలయాలలో ప్రాధాన్యం పెరిగినందున, ఈ వ్యాసంలో దానినే ప్రధాన ఉదాహరణగా తీసుకోవడమైనది. ఇందులో ఒక వరుసను మార్చమని ఆదేశిస్తే, పాత వరుసను అలాగే ఉంచి దానికి చెల్లనిదిగా గుర్తు పెట్టి, మార్చిన వివరాలతో కొత్త వరుసను మరొక చోట రాస్తుంది. తొలగించమన్నప్పుడు కూడా గుర్తు పెట్టడమే తప్ప వెంటనే తీసివేయదు. ఇది అలసత్వం కాదు. ఒక ఉద్యోగి మార్పు చేస్తున్న క్షణంలోనే మరొక కార్యాలయంలో అదే వరుసను మరొకరు చదువుతూ ఉండవచ్చు. చదివేవారికి మార్పుకు ముందున్న వరుస పూర్తిగా కనిపించాలి గాని సగం పాతది, సగం కొత్తది కనిపించరాదు. ఎవరూ ఎవరి కోసమూ ఆగకుండా పని జరిగేందుకే ఈ ఏర్పాటు.

లెక్కలలో చూస్తే విషయం మరింత తేటతెల్లమవుతుంది. ఉదాహరణకు 10 లక్షల వరుసలు గల ఒక పట్టిక, అనగా టేబుల్, ఉన్నదని ఊహించుకుందాం. ఒక్కొక్క వరుసకు అన్నీ కలిపి 200 బైట్లు అవసరమనుకుంటే, 8 కిలోబైట్ల పుట ఒక్కంటికి 40 వరుసలు పడతాయి. అప్పుడు 25,000 పుటలు, అనగా సుమారు 195 మెగాబైట్లు కావాలి. జిల్లా కోడు మారిందని అన్ని వరుసలలోని ఆ ఒక్క గడిని ఒకే ఆదేశంతో మార్చితే, పట్టిక సుమారు 390 మెగాబైట్లకు పెరుగుతుంది. రికార్డులు అప్పుడూ 10 లక్షలే, ఇప్పుడూ 10 లక్షలే. మిగిలిన సగం గీత కొట్టిన వరుసలు. చెరువులో పూడిక చేరినట్లు ఇవి పట్టికలో చేరతాయి కనుక, వీటిని పూడిక అని పిలవడం సమంజసంగా ఉంటుంది.

పూడిక తీసినా గట్టు తగ్గదు

ఈ పూడికను తీసే నిత్య నిర్వహణ పనిని పోస్ట్‌గ్రెస్‌లో 'వాక్యూమ్' అంటారు. 2008లో వెలువడిన 8.3 వెర్షన్ నుండి ఇది ఎవరూ ఆదేశించకుండానే నడిచే ఏర్పాటు ఉంది. సాధారణ అమరిక ప్రకారం పట్టికలో అయిదవ వంతు వరుసలకు మరో 50 కలిపిన సంఖ్య దాటి చెల్లని వరుసలు చేరినప్పుడు ఈ పని మొదలవుతుంది. పైన ఊహించిన పట్టిక విషయంలో ఆ సంఖ్య 2,00,050. పెద్ద పట్టికలకు ఈ నిష్పత్తి చాలా ఎక్కువ కాబట్టి దానిని తగ్గించి అమర్చుకోవడం మేలు. ఈ చిన్న అమరికను పట్టించుకోకపోవడమే అనేక సమస్యలకు మూలం.

ఇక్కడే అసలు అపార్థం తలెత్తుతుంది. వాక్యూమ్ పని పూర్తయిన తరువాత పరిమాణం 390 నుండి 195కు దిగుతుందని ఎవరైనా ఆశిస్తారు. అది 390 వద్దనే ఉంటుంది. చెల్లని వరుసల చోటును వాక్యూమ్ ఖాళీ చేస్తుంది, ఆ ఖాళీ ఎక్కడెక్కడ ఉన్నదో రాసిపెట్టుకుంటుంది, కాని ఆ స్థలాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి అప్పగించదు. రేపు అదే పట్టికలోకి వచ్చే కొత్త వరుసలు ఆ ఖాళీలో కూర్చుంటాయి. పూడిక తీసిన చెరువులో నీటికి చోటు పెరుగుతుంది గాని చెరువు గట్టు చుట్టుకొలత తగ్గదు కదా. కనుక మరొకసారి అన్ని వరుసలను మార్చవలసి వచ్చినా పట్టిక 390 వద్దనే నిలబడుతుంది. వాక్యూమ్ జరిగి ఉండకపోతే 585కు చేరేది. వాక్యూమ్ ప్రయోజనం పరిమాణాన్ని తగ్గించడంలో గాక, పెరగనీయకపోవడంలో కనిపిస్తుంది.

ఒక మినహాయింపు ఉంది. ఫైలు చిట్టచివరి పుటలు పూర్తిగా ఖాళీ అయితే వాక్యూమ్ వాటిని కత్తిరించి తిరిగి ఇవ్వగలదు. అయితే పాత సంవత్సరాల వివరాలు సాధారణంగా ఫైలు మొదట్లో ఉంటాయి. కొత్తవి చివర ఉంటాయి. పాతవి తొలగించినప్పుడు ఖాళీ ముందు భాగంలో ఏర్పడుతుంది కాబట్టి ఫైలు పొడవు మారదు. లక్షల వరుసలు తొలగించినా డిస్కులో చోటు మిగలకపోవడానికి ఇదే కారణం.

వాక్యూమ్‌ను అడ్డుకునే విషయం మరొకటి ఉన్నది, అది యంత్రానిది కాదు, మనుషుల అలవాటుకు సంబంధించినది. ఉదయం పది గంటలకు ఒక నివేదిక కోసం లావాదేవీ తెరిచి, దానిని ముగించకుండా సాయంత్రం వరకు వదిలివేస్తే, ఆ లావాదేవీకి అవసరం పడవచ్చునన్న కారణంతో ఉదయం పది తరువాత చెల్లకుండా పోయిన ఏ వరుసనూ వాక్యూమ్ తొలగించదు. ఒక్క గదిలో తెరిచి ఉంచిన ఒక్క స్క్రీను మొత్తం డేటాబేస్‌లో పూడిక పేరుకునేలా చేయగలదు. వాక్యూమ్ నడుస్తూనే ఉన్నా పట్టిక పెరుగుతూ పోతున్నదంటే మొదట వెతకవలసినది ఇటువంటి లావాదేవీల కోసమే.

పరిమాణాన్ని నిజంగా తగ్గించే పని 'వాక్యూమ్ ఫుల్'. ఇది చెల్లుబాటయ్యే వరుసలను మాత్రమే కొత్త ఫైలులోకి తిరగరాసి, సూచికలను కూడా కొత్తగా నిర్మించి, పాత ఫైళ్లను తొలగిస్తుంది. పాత రిజిస్టరును పక్కన పెట్టి, చెల్లే నమోదులను మాత్రమే శుభ్రప్రతిగా రాసుకున్నట్లు. అప్పుడు 390 మెగాబైట్లు 195 అవుతాయి. దీనికి రెండు మూల్యాలున్నాయి. పని పూర్తయ్యే వరకు ఆ పట్టికను ఎవరూ మార్చలేరు, చదవను కూడా చదవలేరు. కార్యాలయ సమయంలో దీనిని నడిపితే మీ సేవ కేంద్రంలో వరుసలో నిలుచున్న రైతుకు 'సర్వర్ పనిచేయడం లేదు' అన్న జవాబే దక్కుతుంది. రెండవది, శుభ్రప్రతి రాసేంతసేపు పాత ఫైలు, కొత్త ఫైలు రెండూ డిస్కులో ఉంటాయి. డిస్కు పూర్తిగా నిండిన తరువాత స్థలం కోసం వాక్యూమ్ ఫుల్ నడపాలనుకోవడం బియ్యం నిండుకున్నాక ఎసరు పెట్టడం వంటిదే. ఆ పనికి కావలసిన స్థలమే అక్కడ ఉండదు.

సూచికల సంగతి

పట్టిక కంటే సూచిక, అనగా ఇండెక్స్, మరింత మొండిది. ఒకే భూమి రికార్డును సర్వే నంబరుతో, పట్టాదారు పేరుతో, ఖాతా నంబరుతో, పాసు పుస్తకం నంబరుతో వెతకవలసి ఉంటుంది. వెతికే విధానం ఒక్కొక్కదానికి ఒక సూచిక అవసరం. కొన్ని చోట్ల సూచికలన్నీ కలిసి పట్టికను మించిన స్థలం తీసుకుంటాయి. ఇది లోపమేమీ కాదు గాని, పరిమాణాన్ని గురించి చెప్పేటప్పుడు పట్టిక ఎంత, సూచికలు ఎంత అని విడివిడిగా చెప్పకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు.

మునుపటి ఉదాహరణలో మారింది జిల్లా కోడు ఒక్కటే. సర్వే నంబరు మారలేదు, పేరు మారలేదు. అయినా వాటి సూచికలు కూడా ఉబ్బుతాయి. పుటలన్నీ నిండి ఉన్నందువల్ల కొత్త వరుస వేరే పుటలోకి పోయింది. దాని కొత్త చిరునామాను ప్రతి సూచికలోనూ నమోదు చేయక తప్పదు. పట్టిక పుటలలో ముందుగానే కొంత ఖాళీ ఉంచుకుని, సూచికలో లేని గడిని మాత్రమే మార్చినప్పుడు ఈ బాధ చాలావరకు తప్పుతుంది. జిల్లా కోడు వంటి గడులు తరచుగా మారే పట్టికలకు ఈ ఖాళీని ముందే కేటాయించడం వివేకం.

సూచికలో ఖాళీ అయిన చోటును తిరిగి వాడుకోవడం కూడా అంత సులభం కాదు. పట్టికలో ఏ కొత్త వరుసైనా ఏ ఖాళీలోనైనా కూర్చోవచ్చు. సూచికలో వరుస క్రమం ఉంటుంది. 'మ' అక్షరంతో మొదలయ్యే పేర్ల పుటలో ఖాళీ ఉన్నంత మాత్రాన 'ర' అక్షరం పేరును అందులో చేర్చడానికి వీలులేదు. పుట పూర్తిగా ఖాళీ అయితేనే దానిని మరొక చోట వాడుకోవచ్చు. చెల్లే నమోదు ఒక్కటి మిగిలినా ఆ పుట మొత్తం నిలిచిపోతుంది. అందుచేత వాక్యూమ్ క్రమం తప్పకుండా నడిచే చోట కూడా సూచికలు నెమ్మదిగా పెరగవచ్చు. వాటిని తిరిగి కట్టే పనిని 'రీఇండెక్స్' అంటారు. 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుండి, పట్టికలో మార్పులు సాగుతుండగానే దీనిని నిర్వహించే వెసులుబాటు కలిగింది. ఇందుకూ తాత్కాలికంగా అదనపు స్థలం కావాలి, సమయమూ ఎక్కువ పడుతుంది.

రీఇండెక్స్ తరువాత కొద్ది వారాలలోనే సూచిక మళ్లీ కొంత పెరగడం చూసి పని సరిగా జరగలేదని ఫిర్యాదు చేయడం సబబు కాదు. కొత్తగా కట్టిన సూచికలో పుటలు సుమారు 90 శాతం నిండి ఉంటాయి. కొత్త నమోదులు నడుమ నడుమ వచ్చి చేరినప్పుడు నిండిన పుట రెండుగా చీలి, రెండూ సగం సగం నిండి ఉంటాయి. కొంత కాలానికి సగటున 70 శాతం దరిదాపులకు వచ్చి అక్కడ స్థిరపడటం సహజం. 2020లో వచ్చిన 13వ వెర్షన్ ఒక సౌలభ్యాన్ని చేర్చింది: ఒకే విలువ వేలసార్లు పునరావృతమయ్యే సూచికలలో, మండలం కోడు వంటి వాటిలో, ఆ విలువను మళ్లీ మళ్లీ రాయకుండా ఒక్కసారే రాసి చిరునామాలను దాని కింద చేరుస్తుంది. పాత సూచికలకు ఈ ప్రయోజనం దక్కాలంటే వాటిని ఒకసారి తిరిగి కట్టవలసి ఉంటుంది. అప్పుడు సూచిక పరిమాణం గణనీయంగా తగ్గితే అది సంతోషించవలసిన విషయమే.

పాత చేతిపుస్తకాలలోని ఒక సూచనకు కాలం చెల్లినదన్న సంగతిని కూడా ఇక్కడ పేర్కొనాలి. 2010లో 9.0 వెర్షన్ రాకముందు వాక్యూమ్ ఫుల్ వరుసలను అదే ఫైలులో ముందుకు జరిపేది. జరిపిన ప్రతి వరుసకు సూచికలలో మరో నమోదు చేరేది. పట్టిక చిక్కితే సూచిక లావెక్కేది. అందువల్ల దాని వెంటనే రీఇండెక్స్ తప్పనిసరి అని అప్పట్లో రాశారు. 9.0 నుండి సూచికలు కూడా అదే పనిలో కొత్తగా తయారవుతున్నాయి గనుక ఆ వెంటనే మరొకసారి రీఇండెక్స్ చేయడం రాత్రి సమయాన్ని వృథా చేయడమే.

ఇతర డేటాబేస్‌లలో పేర్లు మారినా కథ ఇంచుమించు ఇదే. ఒరాకిల్‌లో వరుసలు తొలగించినంత మాత్రాన పట్టిక ఒకప్పుడు చేరిన గరిష్ఠ మట్టం దిగిరాదు. పట్టికను వేరొక చోటికి తరలించి కుదించే మామూలు పద్ధతిలో దాని సూచికలు పనికిరాకుండా పోతాయి, వాటిని తిరిగి కట్టేదాకా ఆ సూచికల ద్వారా వెతకడం వీలుకాదు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫైలును కుదించే ఆదేశం చివరి పుటలను తెచ్చి ముందున్న ఖాళీలలో పడవేయడంతో సూచికల క్రమం చెదిరిపోతుంది. దానిని సరిచేయబోతే ఫైలు మళ్లీ పెరుగుతుంది. ప్రతి రాత్రీ కుదించి, ప్రతి ఉదయం పెంచుకునే ఏర్పాటు ఏ కార్యాలయంలోనైనా ఉంటే దానిని వెంటనే ఆపివేయడం ఉత్తమం. మైఎస్‌క్యూఎల్‌లో 5.6 వెర్షన్‌కు పూర్వం సాధారణ అమరికలో పట్టికలన్నీ ఒకే ఉమ్మడి ఫైలులో ఉండేవి. ఒక పట్టికను పూర్తిగా రద్దు చేసినా ఆ ఫైలు తగ్గేది కాదు.

అడగవలసిన ప్రశ్న

రికార్డులు భద్రంగా ఉన్నాయా అన్న సందేహానికి జవాబు పరిమాణంలో దొరకదు. నిర్వహణకు ముందు, తరువాత పట్టికలోని వరుసలను లెక్కించి, ఆ రెండు సంఖ్యలను పోల్చాలి. మండలాల వారీగా లెక్కిస్తే ఇంకా మంచిది. ఆ లెక్క కూడా నిజంగా లెక్కించినదై ఉండాలి. డేటాబేస్ తన సౌకర్యం కోసం ఉంచుకునే వరుసల సంఖ్య ఒక అంచనా మాత్రమే. అది కొన్ని పుటలను నమూనాగా తీసుకుని కట్టిన లెక్క. నిర్వహణ పని జరిగిన ప్రతిసారీ ఆ అంచనా అటూ ఇటూ మారుతుంది. నిన్న 10,00,000, నేడు 9,97,000 అని తెరపై కనిపించి, ఆ రెండూ అంచనాలే అయితే, మూడు వేల రికార్డులు గల్లంతయ్యాయని రాయడానికి ఆధారం లేనట్లే. పాత్రికేయులు ఒక సంఖ్యను ప్రచురించే ముందు అది లెక్కించినదా, అంచనా వేసినదా అని అధికారులను అడిగి తెలుసుకోవడం శ్రేయస్కరం. అధికారులు కూడా రెండింటినీ ఒకే కాగితంపై కలిపి ఇవ్వరాదు.

దీనికి మరొక పార్శ్వం ఉంది. ఎర్ర గీత కొట్టిన పేరు రిజిస్టరులో శాశ్వతంగా కనిపిస్తుంది. వివాదం వచ్చినప్పుడు కోర్టుకు అదే సాక్ష్యం. డేటాబేస్‌లోని చెల్లని వరుసకు ఆ గౌరవం లేదు. వాక్యూమ్ వచ్చిన మరుక్షణం అది పోతుంది. కనుక ఎవరి పేరు నుండి ఎవరి పేరుకు, ఏ తేదీన, ఎవరి ఆదేశంతో మార్పు జరిగిందన్న చరిత్రను ప్రత్యేకమైన పట్టికలో సాధారణ వరుసలుగా నమోదు చేసి ఉంచాలి. అలా నమోదైన చరిత్రను ఏ నిర్వహణ పనీ ముట్టుకోదు. ఆ పట్టిక లేకపోతే మాత్రం లోపం నిర్వహణలో కాక, రూపకల్పనలోనే ఉన్నట్లు. మార్పుల చరిత్ర పట్టిక ఉన్నదా, అందులోని వరుసలను తొలగించే అధికారం ఎవరికి ఉన్నది అన్న ప్రశ్నలు డేటాబేస్ ఎన్ని మెగాబైట్లు తగ్గిందన్న ప్రశ్న కంటే ఎంతో విలువైనవి.

కొనుగోలు ప్రతిపాదనలకు కూడా ఇదే వర్తిస్తుంది. డిస్కు నిండింది అన్న ఒక్క వాక్యంతో వచ్చే ప్రతిపాదనకు, పట్టికల పరిమాణం, సూచికల పరిమాణం, చెల్లని వరుసల సంఖ్య, చివరిసారి వాక్యూమ్ జరిగిన తేదీ జతపరచమని కోరడం ఆర్థిక విభాగానికి పెద్ద పని కాదు. కొన్నిసార్లు డిస్కు నిజంగానే చాలదు. శుభ్రప్రతి రాసుకునే ఖాళీ కూడా కలుపుకుని కొనవలసి ఉంటుంది. పరిమాణం తగ్గించి తీరాలన్న పట్టుదల కూడా అన్ని వేళలా మంచిది కాదు. ప్రతి నెలా అంతే మొత్తంలో మార్పులు జరిగే పట్టికను కుదిస్తే వచ్చే నెలకు అది మళ్లీ అంతే పెరుగుతుంది; ఆ ఖాళీ దానికి అవసరమైన ఖాళీయే.

చివరగా బ్యాకప్‌ల విషయం. ఆదేశాల రూపంలో తీసే బ్యాకప్ ఫైలు అసలు డేటాబేస్ కంటే చాలా చిన్నదిగా ఉండటం చూసి బ్యాకప్ అసంపూర్తిగా ఉన్నదని కంగారు పడటం పరిపాటి. అందులో చెల్లే వరుసలు మాత్రమే ఉంటాయి. సూచికలు ఉండవు, ఫలానా సూచికను కట్టవలెనన్న ఒక్క ఆదేశ వాక్యం మాత్రమే ఉంటుంది. దానికి తోడు ఫైలును కుదించి భద్రపరచడం కూడా జరుగుతుంది. అటువంటి బ్యాకప్ నుండి పునరుద్ధరించిన డేటాబేస్ అసలు దానికంటే తక్కువ స్థలం తీసుకోవడం కూడా ఈ కారణాల వల్లనే. బ్యాకప్ సరైనదో కాదో తేల్చడానికి ఉన్న మార్గం దానిని వేరొక సర్వర్‌లో పునరుద్ధరించి, మండలాల వారీగా వరుసలను లెక్కించి, అసలు డేటాబేస్ లెక్కతో సరిచూడటమే.